పురుగుకి మ్యాచింగ్ దారం

మా మేనత్త పోయింది. ఈ మాట నాకు ఫోన్‌లో చెప్పింది మా బనగానపల్లె పెద్దమ్మ. నేను మైదుకూరులో టీచర్‌ని. బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. "మీ అత్త పాయెనే," అని పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. కాసేపటికి ఆమె ముక్కు చీదుకుని, "రాత్రి అన్నం తిని పండుకున్యాదంట, తెల్లారి లేయలేదంట. నా రవిక మొత్తం కుట్టేసింది మే, ఉక్సులొక్కటే మిగిలినాయి. రేపు కుడతాలే వదినా అనింది. నన్ను ఉక్సుల్లేని రవికతో ఇడిసిపెట్టి పాయె," అని మళ్లీ అందుకుంది.

గడపలో ఒక చెప్పుతో నిలబడి నేను ఏడుస్తూనే నవ్వాను. ఆ ఫోన్ అత్త వినుంటే వారం రోజులు నవ్వేది. ఆ తర్వాత కాలువ గట్టుకి పోయి, పెద్దమ్మ పేరున్న పురుగుని చూపించి, "చూడు, దీనికి ఉక్సుల్లేవంట పాపం," అని ఇంకో వారం నవ్వేది. ఆ పురుగుల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీరు కాస్త ఓపిక పట్టాలి.

కర్నూల్లో కేసీ కాలువ పక్కన మా పేటలో, రవికలు కుట్టే ఆమె ఇల్లెక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. చర్చికి వచ్చే ఆడవాళ్లలో సగం మందికి రవికలు ఆమే కుట్టింది. కొలత ఒకసారి తీసుకుంటే మళ్లీ టేపు ముట్టేది కాదు. "లావైనావు, పండగలకి తినేది తగ్గించు," అని కంటితోనే కొలిచి చెప్పేది. ఈ పని అందరికీ తెలుసు. రెండో పని కాలువ గట్టున కూర్చునే కొద్దిమందికే తెలుసు. మా అత్త ఈకతో చేపలు పట్టేది.

దీనికంతా కారణం ఎర్ర, అంటే గాలానికి గుచ్చే వానపాము. పోయిన మా మామ కాలువ మీద లస్కరుగా చేసేవాడు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. అప్పట్లో కాపురం కూడా ఊరికి పైన, గట్టు పక్కనున్న క్వార్టర్‌లోనే. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన గాలం వేసుకుంటూ, ఆ ఎర్రను ముల్లుకి గుచ్చి ఇయ్యి అన్నాడట. మా అత్తకి పామంటే భయం లేదు. తేలంటే లేదు. చర్చి కమిటీ అంటే అసలే లేదు. ఎర్ర అంటే మాత్రం ఒళ్లు జలదరించేది. డబ్బా కాలువలోకి విసిరేసి ఇంట్లోకి పరిగెత్తిందట. "దానికి ముందేదో ఎనకేదో తెలీదు. అట్లాంటిదాన్ని ఎట్ల నమ్మేది?" అని ముసలితనంలో కూడా అదే మాట అనేది.

ఎర్రని ముట్టనంది గానీ చేపల మీద మనసు పోలేదు. గట్టున కూర్చుని నీళ్లనే చూసేది. కొన్నాళ్లు చూశాక మామని నిలదీసింది. "చేపలు ఎర్రలే తింటాయని ఎవరు చెప్పినారు నీకు? పైన వాలే పురుగుల్ని ఎగిరెగిరి తింటాండాయి కదా. కండ్లు లేవా?" మర్నాడు మిషను సొరుగులోంచి దారం తీసింది. పెరట్లో పుంజుని పట్టుకుని మెడ మీద ఈక ఒకటి పీకింది. రెండూ కలిపి గాలం ముల్లుకి చుట్టి, రెక్కలు, తోక పెట్టి, ఒక పురుగుని తయారు చేసింది. ఎర్ర లేదు, బెండు లేదు. వెదురుకట్టె చివర దారానికి దాన్ని కట్టి నీళ్ల మీద తేలేటట్టు వదిలితే, పక్కె చేప ఒకటి గుటుక్కున మింగింది. ఆ రోజునుంచి మా అత్త బతుకు బాగుపడింది. పుంజు బతుకే పాడైంది, మెడకి చలి పెడుతూ తిరిగేది.

బయటి దేశాల్లో ఇదొక పెద్ద విద్య అనీ, నీళ్ల పురుగులు ఎప్పుడు రెక్కలొచ్చి పైకి లేస్తాయో కనిపెట్టి దానికి తగ్గ ఈక గాలం కడతారనీ, వాటికి వందల పేర్లున్నాయనీ నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఫోన్‌లో ఒక వీడియో పెట్టి చూపించాను. ఒకాయన రొమ్ముదాకా రబ్బరు ప్యాంటు వేసుకుని చన్నీళ్లలో నిలబడి ఉన్నాడు. అత్త కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఈయప్పకి కూడా ఎర్రలంటే అసయ్యమేమో, పాపం," అంది. ఆయన పురుగుల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే, "మన పేర్లే మేలు," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

పేర్ల దగ్గరికి పోయే ముందు మ్యాచింగ్ సెంటర్ సంగతి చెప్పాలి. చీరకి తగ్గ రవిక గుడ్డ, దారం, లైనింగు అమ్మే దుకాణం. ఒకసారి అత్త వెంట నేనూ పోయాను. ఆడవాళ్లంతా చీరలు పరిచి గుడ్డలు పక్కన పెట్టి చూసుకుంటున్నారు. దుకాణం ఆయన, "ఏమక్కా, చీర తెచ్చినావా?" అన్నాడు. "తెచ్చినా," అని అత్త చేతిసంచిలోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. లోపల చచ్చిన పురుగు.

"దీనికి మ్యాచింగ్ దారం ఉండాదా?"

పక్కనున్న ఆమె చీర లాక్కుని రెండడుగులు వెనక్కి పోయింది. దుకాణం ఆయన మాత్రం కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అగ్గిపెట్టెని గుమ్మం దాకా తీసుకుపోయి వెలుతురులో చూశాడు. "ఒంటికి కావాల్నా అక్కా, అంచుకి కావాల్నా?" అని అడిగాడు.

"ఒంటికి. అంచుకి ఈక పెడతా."

"ఒళ్లు పైన ముదురు, కడుపు కింద లేత ఉండాది. ఒక దారంతో కాదు, రెండు కలిపి చుట్టు." రెండు రీళ్లు తీసి పక్కపక్కన పెట్టాడు. నిజంగానే అతికినట్టు సరిపోయాయి. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా ఆయన, "ఈ వారం కొత్తవేమన్నా దిగినాయా అక్కా?" అని అడిగేవాడు. పెళ్లి చీరలకి కూడా ఆయన అంత శ్రద్ధ చూపించడం నేను చూడలేదు.

"దిగడం" అనేది మా అత్త మాట. కాలువ పురుగులు బతుకులో ఎక్కువ భాగం నీళ్ల అడుగున, రాళ్ల కింద, నాచులో గడుపుతాయి. ఒక పూట చూసుకుని అన్నీ కలిసి పైకొచ్చి, పాత చర్మం విడిచి, రెక్కలతో ఎగురుతాయి. నిజానికి అవి ఎక్కుతున్నాయి. అయినా మా అత్త లెక్కలో అవి బస్సు దిగిన చుట్టాలు. "ఈ పొద్దు ఎవరు దిగినారో చూద్దాం పా," అనేది.

మన దగ్గర వీటికి పేర్లు లేవు. తూనీగ అంటాం, దోమ అంటాం, మిగిలినవన్నీ పురుగులు. మా అత్తకి అట్లా కుదరదు. ఏ వేళకి ఏది దిగిందో, దేనికి ఏ ఈక కట్టిందో గుర్తుండాలంటే పేరు కావాలి. ఎదురుగా చుట్టాలున్నారు. పేర్లు పెట్టేసింది.

మొదటి పేరు మా బనగానపల్లె పెద్దమ్మది. పెద్దమ్మ మా నాన్న వాళ్ల అన్న భార్య. అంటే అత్తకి వదిన. వాళ్లిద్దరి మధ్య ఎకసెక్కాలకి లోటు లేదు. పెద్దమ్మ ఏ శుభకార్యానికి వచ్చినా రెండు చీరలు తెస్తుంది. దిగేటప్పుడు ఒక మామూలు చీర. కాసేపు ఎక్కడో కూర్చుని, గదిలోకి పోయి, మెరిసే చీరతో మళ్లీ బయటికొస్తుంది. కాలువలో కూడా సరిగ్గా అట్లాంటి పురుగు ఒకటి ఉంది. నీళ్లలోంచి లేచినప్పుడు బూడిదరంగు రెక్కలు. ఒక గడ్డిపోచ మీద కూర్చుంటుంది. అక్కడ ఆ రెక్కల మీది చర్మం కూడా విడిచేసి, గాజులాంటి రెక్కలతో రెండోసారి బయలుదేరుతుంది. ఇంకే పురుగూ అట్లా రెక్కలొచ్చాక మళ్లీ మార్చుకోదట. "రెండు చీరలామె దిగింది," అని అత్త అంటే, ఆ సాయంత్రం బూడిదరంగు ఈక కట్టాలని అర్థం. దానికి తినడానికి నోరు లేదని నేను ఎక్కడో చదివి చెప్పాను. "అయితే అది మా వదిన కాదు మే," అని అత్త చాలా అనుమానంలో పడింది. తర్వాత, చీరల వరకే పోలికలే అని సర్దుకుంది.

రెండోది మేస్త్రీ. అత్తకి మరిది, నాకు మామ వరస. ఇళ్లు కట్టే మేస్త్రీ. సొంత ఇల్లు మొదలుపెట్టి ఏళ్లు గడిచినా ఒక గోడ లేపుతూ, ఒక గోడ కూలుస్తూ ఉంటాడు. కాలువ అడుగున ఒక పురుగు ఇసుక, చిన్న రాళ్లు ఏరుకుని, జిగురుతో అతికించి, గొట్టంలాంటి ఇల్లు కట్టుకుంటుంది. ఆ ఇంటిని వీపున మోస్తూ తిరుగుతుంది. రెక్కలొచ్చే రోజున ఆ ఇల్లు వదిలేసి పోతుంది. "అంత కష్టపడి కట్టి, గృహప్రవేశం చేయకనే పాయె," అనేది అత్త.

సాయంత్రం గట్టు మీద ఒకే చోట గుంపుగా పైకీ కిందికీ ఊగే సన్న పురుగులు కమిటీ. మా చర్చి కమిటీ అని వేరే చెప్పనక్కర్లేదు. "శానాసేపు కూడతాయి, శానా సద్దు చేస్తాయి, ఏమీ తీర్మానం కాదు." నీళ్లలో వెల్లకిలా పడుకుని రెండు కాళ్లతో ఈదే పురుగు మా బావ, అంటే అత్త కొడుకే. మా బావ మంచం మీద అట్లాగే పడుకుని ఫోన్ చూస్తాడు. కన్నకొడుకని మినహాయింపేమీ లేదు.

ఈ పేర్లు పెట్టడం ఆషామాషీగా జరిగేది కాదు. కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించదు కదా, అట్లాగే మనిషినీ పురుగునీ ఏడాది పొడుగునా చూసేది. రెండు కొలతలూ కలిస్తేనే పేరు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఎవరి పేరు వాళ్లకి ఆమె చెప్పదు. "మొగం మీద చెప్తే అది పేరు కాదు, తిట్టయితాది," అనేది. మరి వాళ్లకెట్లా తెలిసేది అంటారా? నేనున్నాను కదా. నా కడుపులో మాట దాగదు. పెద్దమ్మకి చెప్పింది నేనే. ఆమె ఒక వేసవంతా అత్తతో మాట్లాడకుండా, ఆ కోపంలో మామిడికాయలు మాత్రం పంపించింది. మేస్త్రీ మామకి చెప్పింది నేనే. కమిటీకి చెప్పింది కూడా నేనే, అదీ ప్రార్థన అయిన వెంటనే. అత్త నన్ను తిట్టేది కాదు. ఎవరి పేరైనా చేరవేయాలనుకుంటే నాకు చెప్పి, "ఎవరికీ చెప్పాకు," అనేది. అంతే, పని అయిపోయేది.

ఇక మిగిలింది సైకిల్ షాపు భాయి. ఆయన పేరున పురుగు లేదు, చుట్టం కాదు కనుక. రోజూ సాయంత్రం షాపు మూసి, గట్టు మీద అత్తకి కొంచెం కింది వైపున కూర్చుని, ఎర్రలతో గాలం వేసేవాడు. "నీ డబ్బా నాకు కనపడకుండా పెట్టుకో భాయ్," అని అత్త అంటే, "పెట్టినా అక్కా," అని వీపు వెనక పెట్టుకునేవాడు. ఇద్దరూ పూట పూటంతా ఉన్నా పది మాటలు మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆయనకి జెల్లలు పడేవి, ఈమెకి పక్కెలు పడేవి. లేచేటప్పుడు సగం సగం మార్చుకునేవాళ్లు. జెల్ల పులుసుకి, పక్కె వేపుడుకి అని వాళ్ల ఒప్పందం.

నేను రెండో శనివారాలు మైదుకూరునుంచి బస్సెక్కి వచ్చేదాన్ని. పొద్దున బస్సుకి రావాలనుకుని ఏనాడూ రాలేదు. కాలువ దగ్గరికి చేరేసరికి పొద్దు వాలేది. అత్త కట్టెకి దారం చుట్టేసే వేళకి పోయి, పక్కన కూర్చుని, అప్పుడు మొదలుపెట్టేదాన్ని బడి ముచ్చట్లు, ఊరి ముచ్చట్లు. "గమ్మునుండవే, చేపలు పోతాండాయి," అనేది. నేను గమ్మున ఉండేదాన్ని కాదు. కట్టె చుట్టడం ఆపి ఆమె కూడా వింటూ కూర్చునేది.

ఆ వేళకే ఒక పురుగు దిగేది. చాలా చిన్నది. లేత పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు. కొత్తగా కాసిన నిమ్మపిందె రంగు. వెనక రెండు వెంట్రుకల్లాంటి తోకలు. ఎండ పోయి చీకటి పడేలోపు ఆ కాసేపే ఉండేది. అది దిగితే కాలువంతా ఉడికినట్టు అయ్యేది. అన్ని పక్కెలూ ఒకేసారి ఎగిరేవి. చెయ్యి పెడితే చేప దొరికేటట్టు ఉండేది. మా అత్త మాత్రం ఒక్కసారీ ఆ పురుగుని కట్టలేదు. అది వచ్చి ఆమె చేతి మీద కూర్చునేది. ముంజేతి మీదనుంచి మోచేతి దాకా నడిచేది. విదిలించేది కాదు. గాలం వేయడం మానేసి చెయ్యి అట్లాగే పట్టుకుని ఉండేది.

"దీన్ని కట్టవేంటి అత్తా? సంచి నిండుతుంది కదా."

"ఆ రంగు దారం దొరకలే."

ఇంకోసారి అడిగితే, "ముల్లు శానా చిన్నది కావాల." మరోసారి, "కండ్లు కనపడవు." నాకు ఒళ్లు మండింది. కర్నూలు బజారులో దొరకని దారమా? నేనే మ్యాచింగ్ సెంటర్‌కి పోయి, ఆ రంగు చెప్పి, రెండు రీళ్లు తెచ్చి చేతిలో పెట్టాను. అత్త దారాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. వేలికి చుట్టి చూసింది. "శానా బాగుండాది మే. పురుగుకెందుకు ఇంత నాణ్యమైన దారం?" అని మిషను మీద పెట్టుకుంది. వచ్చే నెలకి నాకు ఒక తెల్ల రవిక కుట్టి ఇచ్చింది. చేతుల అంచుకి నిమ్మపిందె రంగు గుడ్డతో సన్నగా పైపింగు, దాని మీద ఆ దారంతో కుట్టు. రవిక బాగుందని మెచ్చుకున్నాను గానీ, మంచి దారం వృథా చేసిందని లోపల సణుక్కున్నాను కూడా.

నా అసలు సణుగుడు ఇంకొకటి. అందరికీ పురుగు ఉంది, నాకు లేదు. ఇంతమంది పేర్లు మోసిన దాన్ని, గట్టున ఆమె పక్కన ఎవరూ కూర్చోనన్నిసార్లు కూర్చున్న దాన్ని. "నాదేది అత్తా?" అని అడిగితే, "నీ కొలత ఇంగా తీసుకోలేదు," అనేది. ఏళ్ల తరబడి అదే జవాబు. ఒకసారి నిజంగానే అలిగాను. మేస్త్రీ మామకి ఉన్నపాటి విలువ నాకు లేదా అని అరిచాను కూడా. అత్త నవ్వి, "ఉండాదిలే, పా అన్నానికి," అని లేచింది. ఆ మాటని నేను పట్టించుకోలేదు. అలిగిన వాళ్లకి చెవులు పనిచేయవు.

ఈ ఏడాది కాలువకి నీళ్లు కాస్త ఆలస్యంగా వదిలారు. అత్తకి మోకాళ్లు ఒప్పుకోక, ఆటోలో వచ్చి తూము గోడ మీద కూర్చునేది. కట్టె తెచ్చేది గానీ ఎక్కువ వేసేది కాదు. "ముందు చూసేది మేలు. పట్టేది యాడికి పోతాది," అనేది. చివరిసారి నేను పోయినప్పుడు కూడా పొద్దు వాలాకే చేరాను. ఆమె కట్టె చుట్టి ఒళ్లో పెట్టుకుని, దారి వైపు చూస్తూ ఉంది. ఆ నిమ్మపిందె పురుగులు అప్పటికే దిగాయి. రెండు ఆమె కొంగు మీద ఉన్నాయి. "వచ్చినావా," అంది. గోడ మీద పక్కకి జరిగి చోటిచ్చింది.

జ్ఞాపకార్థ కూడిక ఇంటి ముందు షామియానా వేసి పెట్టారు. నేను ఆమె కుట్టిన ఆ తెల్ల రవికే వేసుకున్నాను. ప్రార్థన, పాటలు అయ్యాక చర్చి అయ్యగారు, ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. ఎవరూ లేవలేదు. ఏడుపులు మొదలయ్యేటట్టున్నాయి. అప్పుడు మా పెద్దమ్మ లేచింది.

"ఈ రవిక ఆమె కుట్టిందే," అంది. "ఉక్సులు కుట్టలేదు. ఇంకెవురి చేతా కుట్టించుకోను. పిన్నీసులు పెట్టుకుని వచ్చినా. మీకందరికీ తెలుసు, కాలవలో రెండు చీరలామె అని ఒక పురుగుండాది. అది నేనే." అని కూర్చోబోయి, మళ్లీ నిలబడి, "ఈ పొద్దు ఒక చీరే తెచ్చినా. ఎవురి కోసం మార్చుకునేది?" అంది.

ఎవరో ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, పెద్దమ్మతో సహా. మేస్త్రీ మామ లేచి, ఇంటి పని ఈ ఏడాది పూర్తి చేసి ఆమె ఫొటోతో గృహప్రవేశం చేయాలనుకుంటున్నానని మొదలుపెట్టి, పూర్తి చేయలేక కూర్చున్నాడు. మా బావ, "నేను ఎల్లకిలా పండుకునేవాణ్ణి," అని అంతే చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. చివరికి అయ్యగారే, "మా కమిటీ మొత్తానికీ కలిపి ఒక పురుగుందని నాకు తెలుసు. ఆమె చెప్పింది తప్పు అనలేను," అనేసరికి కమిటీ వాళ్లే ముందు చప్పట్లు కొట్టారు. చావింట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు.

నేను లేవలేదు. చెప్పడానికి నాకేముంది? అందరూ తమ తమ పురుగుని చంకలో బిడ్డలా ఎత్తుకుని చూపిస్తుంటే, నేను ఉత్త చేతులతో కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఆమె పోయినందుకు కొంత. నా కొలత తీసుకోకుండానే పోయినందుకు ఎక్కువ. ఇప్పుడు పెట్టేవాళ్లు కూడా లేరు.

భోజనాలు వడ్డిస్తుండగా సైకిల్ షాపు భాయి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అంతదాకా గేటు దగ్గరే ఉన్నాడు. "ఏమ్మా, నువ్వు లేయకపోతివే?" అన్నాడు.

"నాకు పురుగు లేదు భాయ్. అందరికీ పెట్టింది. నాకే పెట్టలేదు."

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీకు ఎవురూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు?"

"అదీ నిజమే," అన్నాడు ఆలోచించి. "చెప్పేదానివి నువ్వే కదా. నీ పేరు నీకెవురు చెప్తారు? నాకొక్కడికే తెలుసు. నేను మాట మోసేవాణ్ణి కాదు." గ్లాసులో నీళ్లు తాగి కింద పెట్టాడు. "మీ అత్తమ్మ చేతి మీద కూర్చుంటాదే, సందకాడ, పసుపుది. అది నువ్వేనమ్మా."

నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి అని మా బావ తర్వాత అన్నాడు.

"ఒకసారి నేను అడిగినా," అన్నాడు భాయి. "అక్కా, చేపలు దాని కోసరం పిచ్చిపట్టి ఎగరతాండాయి, ఇన్నేండ్లయినా దాన్ని కట్టవెందుకు అని. నా మీద గయ్యిమనింది. 'నా కోడలికి ముల్లు కట్టమంటావా భాయ్?' అనింది. నేను మల్లా ఆ మాటెత్తలే."

"అదెందుకంట నేను?" అన్నాను ఎట్లాగో.

"పొయ్యే ఏళకి వస్తాదంట. వచ్చి కుదురుగుండదంట. పని చేసుకోనియ్యదంట." ఆయన నవ్వాడు. "అది రానిదే ఇంటికి పోబుద్ది కాదు భాయ్, అనేది."

ఇన్నేళ్లూ దారం దొరకలేదంది, కళ్లు కనపడవంది, ముల్లు చిన్నది కావాలంది. నేను దారం తెచ్చి ఇస్తే ముల్లుకి చుట్టకుండా నా చేతి చుట్టూ కుట్టి ఇచ్చింది. కొలత ఎప్పుడో తీసుకుంది. నేనే చూసుకోలేదు. అక్కడే, విస్తరి ముందు, నాకు మహా సంతోషమేసింది. చావు కూడికలో సంతోషం అని రాయవచ్చో లేదో నాకు తెలియదు. వేసింది కనుక రాస్తున్నాను.

ఆ సాయంత్రమే భాయితో కలిసి కాలువ గట్టుకి పోయాను. మామూలుగానే, పొద్దు వాలాక. ఆయన తన చోట కూర్చుని, ఎర్రల డబ్బా తీసి, ఒకసారి తూము గోడ వైపు చూసి, వీపు వెనక పెట్టుకున్నాడు. నేను అత్త కూర్చునే చోట కూర్చున్నాను. ముందు కమిటీ కూడింది. ఎప్పట్లాగే పైకీ కిందికీ ఊగి, ఏమీ తీర్మానించలేదు. గట్టు గడ్డి మీద ఒక రెండు చీరలామె బూడిదరంగు చీర విడుస్తోంది. నేను ఎవరికీ ఏమీ చెప్పకుండా చూస్తూ ఉన్నాను.

కాసేపటికి నీళ్లు ఉడకడం మొదలైంది. నిమ్మపిందె రంగువి, సన్నవి, గుంపులు గుంపులుగా లేచాయి. పక్కెలు తెల్లగా మెరుస్తూ వాటి మీదికి ఎగురుతున్నాయి. ఒకటి తప్పించుకుని వచ్చి నా ముంజేతి మీద వాలింది. నడుచుకుంటూ మోచేయి దాటి పైకి పోయి, రవిక చేతి అంచు మీద, ఆ పైపింగు మీద కూర్చుంది. పురుగేదో కుట్టేదో తెలియనంతగా సరిపోయింది.

"ఇంగ పోదామా అమ్మా?" అన్నాడు భాయి.

"ఉండు భాయ్, ఇప్పుడే కదా వచ్చింది," అని, చెయ్యి కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.